రంగులు చెప్పే మనిషి పోయాక

మా తమ్ముడు జకర్యా ముప్పై ఏళ్లు టెలిఫోన్ తీగలు అతికాడు. సికింద్రాబాద్‌లో సగం ఫోన్లు తన చేతి మీదుగానే మోగాయనేవాడు. సగంలో సగం అని నేననేదాన్ని.

వాడికి ఆకుపచ్చకీ మట్టిరంగుకీ తేడా తెలియదు. ఈ సంగతి నాకూ, వాడి భార్య దేవకృపకూ తప్ప ఎవరికీ తెలియదు. ఆమె రోజూ అన్నం గిన్నె పట్టుకుని వెళ్లి, వాడు దిగిన గుంత గట్టు మీద కూర్చుని మెల్లగా రంగులు చెప్పేది. మొగుణ్ణి వదిలి ఒక్క పూట ఉండలేదని తోటివాళ్లు నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వనీ అని ఊరుకునేది.

రెండు వేల పదిలో దేవకృప పోయింది. మరుసటి ఏడు గాజుతీగ పని వచ్చింది. సైన్సు పరిశోధనలు చేసేవాళ్ల కంప్యూటర్లన్నిటినీ కలిపే తీగ అది. ఇక్కడి ల్యాబులో లెక్క వెలుగై ఆ తీగలోంచి రెప్పపాటులో ఎక్కడో యూనివర్సిటీకి చేరాలట. తీగలో వెంట్రుకంత సన్నటి దారాలు పన్నెండు, ఒక్కోదానికి ఒక్కో రంగు. రంగుకు రంగు అతకాలి. ఇంజినీరు నరసరాజు పిలిస్తే, ఖాళీ ఇంట్లో కూర్చోలేక వీడు ఒప్పుకున్నాడు. నాకు మాట మాత్రం చెప్పలేదు.

యాప్రాల్ గుంతలో పచ్చదాన్ని మట్టిరంగుదానికి అతికాడు. ల్యాబుకు పోవాల్సిన వెలుగు ఎవరిదో కాలేజీకి పోయింది. దారాలు తుడిచి అందించే జంగయ్యే తారుమారు చేశాడని నరసరాజు అతన్ని రేపటి నుంచి రావద్దన్నాడు.

ఆ సాయంత్రం వీడు బొల్లారంలో మా ఇంటికొచ్చి అంతా చెప్పాడు.

"నాకెందుకు చెప్పలేదురా? నేనొచ్చి కూసుందును గదా."

"నీ కండ్లల్ల పొర గదక్కా."

"రంగులు మంచిగనే కనపడ్తయి. గాడిద లెక్క మాట్లాడకు."

అగ్గిపెట్టెలోంచి తెగిన దారం ముక్కలు తీసి తెల్లకాగితం మీద పెట్టాడు. నేను వంగాను. కాగితమే కనపడింది.

"ఏడున్నయిరా?"

"నీ ముక్కు కిందనే."

"నాకేమో దారం కనపడదు, నీకేమో రంగు తెల్వదు. ఇద్దరం కలిసినా ఒక్క దేవకృప కాలేదు."

వాడు నవ్వలేదు. ముక్కల్ని ఒక్కొక్కటే మళ్లీ పెట్టెలో పెట్టుకున్నాడు.

"జంగయ్యకు ముగ్గురు పిల్లలక్కా. నేను చెప్తే నా పని పోతది. గీ పని సుత లేకుంటే నేనేం జెయ్యాలె?"

"చెప్పకుంటే జంగయ్య ఏం జెయ్యాలె?"

పొద్దున్నే పోయి చెప్పేశాడు.

"ముప్పై ఏండ్లు ఎట్ల చేసినవ్ జకర్యా?" అన్నాడట నరసరాజు.

"నా భార్య చెప్పేది సార్."

 జంగయ్యను మళ్లీ పిలిచారు. దారాలు అతికే మిషన్ మా వాడి దగ్గర్నుంచి తీసేసుకున్నారు. దయ తలచి వేరే పని ఇచ్చారు: నీళ్ల పైపుల వాళ్లూ ఇళ్లు కట్టేవాళ్లూ గాజుతీగ మీద తవ్వకుండా, బొల్లారం నుంచి యాప్రాల్ దాకా రోజూ నడిచి చూసుకోవడం. ఒక్కడే.

"దారిలో ఎవరితోనన్న మాట్లాడ్తవారా?" అని మొన్న అడిగాను.

"ఎవరన్న తవ్వుతుంటే ఆపి మాట్లాడ్త."

"తవ్వకుంటే?"

"తవ్వకుంటే ఆ రోజు పని మంచిగైనట్టక్కా."