కత్తెర వదిన కిటికీ పలక

సముద్రుడు చెలియలికట్ట దాటనని ఏ యుగంలో ఎవరికి మాట ఇచ్చాడో గాని, ఏటేటా వానకారు ముదిరేసరికి ఆ మాటను సుఖంగా మరచిపోవడం ఆయనకు అలవాటయిపోయిన ఆ ఊళ్ళో, కుళాయిల కంటె ముందు తుఫాను హెచ్చరికలు వచ్చి, వీధిదీపాల కంటె ముందు వాటిని ఆర్పే గాలులు వచ్చి, పెళ్ళిళ్ళనూ పురుళ్ళనూ జనం “ఫలానా గాలివానకు ముందు, ఫలానా గాలివానకు తరువాత” అని గుర్తుపెట్టుకునే కాలంలో, రేకుల కప్పు ఎగిరిపోయిన ఏడు కోడలిగా అడుగుపెట్టి, గోడ కూలిన ఏడు తల్లియై, ఆ తరువాతి తుఫానులన్నింటినీ కుట్టుమిషను తొక్కుతూనే సాగనంపిన ఇల్లాలొకతె ఉండేది. ఆమెను వీధి వీధంతా కత్తెర వదిన అనేది.

పరమేశ్వరునికి నాగాభరణం ఎంత నప్పిందో ఆమె మెడకు కొలతల టేపు అంత నప్పింది. ఎదుటి మనిషి నడుము కొలత ముందు, ముఖం తరువాత ఆమె కంట పడేవి. దొంగిలించిన గుడ్డముక్క ఒక్కటీ ఆమె పెట్టెలో లేదనీ, దాచుకున్న మాట ఒక్కటీ ఆమె నోట్లో లేదనీ ప్రతీతి. ఆ రెండో సద్గుణం వల్ల అధికంగా లబ్ధి పొందినవాడు ఆమె భర్త.

ఆయన బోర్డులు రాసే కళాకారుడు. మందుల కొట్టు మొదలు చెప్పుల దుకాణం దాకా ఊళ్ళోని ప్రతి గుమ్మం నెత్తిమీదా ఆయన అక్షరాలే కొలువుతీరి ఉండేవి. ఒక్క గుమ్మం మీద మాత్రం లేవు. అది ఆయన సొంత గుమ్మం. సందు మలుపులో, ముందుగదిలో నడిచే కత్తెర వదిన కుట్టుదుకాణానికి బోర్డు లేదు. కొత్తగా వచ్చేవారు ఆ సందులో తిరిగి తిరిగి, ఎదురింటి కుక్కతో పరిచయం చేసుకుని, చివరకు పెద్దవీధిలో కొత్తగా వెలసిన మరో కుట్టుదుకాణంలో తేలేవారు. ఆ దుకాణానికి దీపాలు పొదిగిన బోర్డు ఉంది. రాసిచ్చిన మహానుభావుడు ఎవరో వేరే చెప్పనక్కరలేదు.

“పక్కవాళ్ళ పెళ్ళాలకి పట్టుచీరలూ, సొంత పెళ్ళానికి సోది కబుర్లూనా?” అని ఆమె నిలదీస్తే ఆయన దగ్గర సమాధానం సిద్ధంగా ఉండేది. ఎండకాలం దుమ్ము, చలికాలం మంచు, వానకాలం తేమ. భార్యకు బోర్డు రాయదగిన ఋతువు ఏడవది. దాన్ని సృష్టించే పని విధాత మరచిపోయాడు.

“నీ బోర్డంటే మాటలా? తొందరపడి రాయకూడదోయ్. బ్రహ్మదేవుడు గీత కొట్టుకోకుండా, కొలత చూసుకోకుండా అందరి నుదుటా గబగబా రాసేశాడు. ఏమయింది? చూస్తున్నావుగా లోకం!”

“నా నుదుట మాత్రం కొలత చూసుకునే రాశాడులెండి. మీరు అచ్చు గుద్దినట్టు సరిపోయారు.”

ఆయనకు ఉద్దేశం లేకపోలేదు. ఆ బోర్డు కోసం మందపాటి పలక నొకదాన్ని ఎన్నడో కొని, తెల్లరంగు పట్టించి, పాత దుప్పటి కప్పి మంచం వెనుక నిలబెట్టాడు. ఏటా ఒకసారి బయటికి తీసి, గరుకుకాగితంతో నున్నగా రుద్ది, మళ్ళీ తెల్లరంగు వేసి, దూరంగా నిలబడి చూసి, ‘ఇంకా కుదరలేదు’ అని యథాస్థానంలో నిలబెట్టేవాడు. యోగులు పరబ్రహ్మను ఏ విధంగా నిరాకారంగా ఉపాసిస్తారో ఆయన తన భార్య బోర్డును ఆ విధంగా నిరక్షరంగా ఉపాసిస్తుండేవాడు.

ఆ యింటి తుఫాను సన్నాహం వీధికంతటికీ వినోదం. కప్పు రేకుల మీద ఇసుకబస్తాలు ఎక్కించి తాళ్ళతో కట్టడం, డ్రమ్ములకు నీళ్ళు పట్టడం, అగ్గిపెట్టెలను మూత గట్టిగా పట్టే డబ్బాలో దాచడం అందరూ చేసేవే. ఇంటి కాగితాలను ప్రెషర్ కుక్కరులో పెట్టి మూత బిగించడం మాత్రం కత్తెర వదిన సొంత బుద్ధి. రబ్బరు చుట్టు ఉన్న మూత కనుక చుక్క నీరు దూరదు. ఒక ఏడు ఆ సంగతి తెలియని అత్తగారు, పప్పు ఉందనుకుని దాన్ని పొయ్యి మీదికెక్కించింది. కుక్కరు కూసింది. ఇంటి పట్టా ఉడికింది. ఇప్పటికీ ఆ పట్టా మీద ముద్ర కంటె మాడు వాసనే ప్రామాణికం.

కిటికీల సంగతి అంతకంటె చోద్యం. మూతపడిన దుకాణాల పాత బోర్డులను ఆయన ఇంటికి తెచ్చి, తుఫాను ముందు కిటికీలకు అడ్డంగా కొట్టేవాడు. రంగున్న వైపు వాన తాకితే చెక్క చెడదు కనుక అక్షరాలు బయటికే ఉండాలి. అందువల్ల హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ ఆ ఒంటి అంతస్తు ఇల్లు ‘పై అంతస్తు అద్దెకు ఇవ్వబడును’ అని ఒకవైపూ, ‘ఇచ్చట తాజా చేపలు’ అని మరొకవైపూ లోకానికి చాటుకునేది. గడచిన ఏడు కుట్టుగది కిటికీకి ‘దంతవైద్యశాల’ బోర్డు పడింది. మేకులు కొట్టి దిగీదిగకముందే దవడకు గుడ్డ చుట్టుకున్న మనిషొకడు తలుపు తట్టాడు. అత్తగారు తలుపు తీసి, నోరు తెరిపించి చూసి, “ఊగిపోతోందిరా నాయనా, దీనికి డాక్టరెందుకు?” అని కోడలి దారపుండ నుంచి తెగని దారం తీసి, కట్టి, లాగేసింది. ఆ మనిషి దండం పెట్టి వెళ్ళాడు. బోర్డు మాత్రం ఆ సాయంత్రమే గాలికి లేచిపోయింది; నేటికీ జాడ లేదు. వరుణుడికేమైనా పన్ను నొప్పేమో.

అందుచేత ఈ ఏడు కుట్టుగది కిటికీకి అడ్డు లేకపోయింది. ఆ కిటికీ కిందనే ఆమె మిషను. ఇనుప కాళ్ళ పాత మిషను. తలను పట్టి ఉంచిన మరలు తుప్పు పట్టి కదలవు. నడిమి గోడ తరువాత కట్టించడం వల్ల బల్ల గుమ్మంలో పట్టదు. కిందటేడు కిటికీ రెక్కలు ఎలాగో నిలిచాయి గాని, ఈసారి అవి పోతే వాన సూటిగా దాని మీదే. మిషను పోతే, బోర్డు లేని దుకాణానికి ఉన్న ఏకైక ఆనవాలు కూడా పోతుంది.

హెచ్చరిక వచ్చిన ఉదయం కూతురు ఫోను చూస్తూ చదివింది. “సాయంత్రానికే తీరం దాటుతుందట. బడిలో తలదాచుకోవచ్చట. నానమ్మా, బట్టలు సర్దనా?”

“నేను రాను. కిందటిసారి అక్కడ మరుగుదొడ్డి దగ్గర నిలబడ్డ వరస చూస్తే తుఫానే నయమనిపించింది. కొత్త గోడలు గట్టివే కదే? ఇక్కడే ఉంటాను. నా కట్టుడు పళ్ళు మాత్రం కుక్కర్లో పెట్టండి.”

కత్తెర వదిన అప్పటికే కుట్టవలసిన గుడ్డలన్నీ ప్లాస్టిక్ సంచులలో మూటగట్టి అటకెక్కించింది. కిటికీ దగ్గరికి వచ్చి ఆగింది. ఒక్కసారి మిషను వైపు చూసింది. తరువాత తిన్నగా మంచం దగ్గరికి వెళ్ళి, దుప్పటి లాగింది.

“ఏమండీ, సుత్తి పట్టుకురండి.”

ఆయన పరుగున వచ్చి పలకకు అడ్డం నిలబడ్డాడు. “దీన్నా? ఏమోయ్, మతి పోయిందా? ఇది నీ బోర్డు!”

“నా బోర్డేమిటండీ, తెల్ల ముఖం వేసుకుని? మన పిల్లకి పాలపళ్ళు రాలినప్పటి నుంచి దీన్ని స్నానం చేయించడమే తప్ప బట్ట కట్టింది లేదు.”

“గాలికి రాళ్ళు తగిలి సొట్టలు పడితే, ఇక దాని మీద ఒక్క అక్షరమైనా నిలబడుతుందా?”

“అయితే ఇప్పుడే రాయండి.”

“ఇప్పుడా!”

“ఎలాగూ పాడవుతుందంటున్నారుగా. రాసిన పలకే పాడవనివ్వండి. ఒక్క పూటైనా నాకు బోర్డున్న దుకాణం ఉందనిపించుకోనివ్వండి. ఎవరూ చదవకపోతే తుఫాను చదువుకుంటుంది.”

ఆమె ఈ మాట గట్టిగా అనలేదు. అరిచి ఉంటే ఆయన దగ్గర జవాబు ఉండేది.

“ఒరేయ్,” అంది అత్తగారు లోపలి నుంచి, బోసినోటితో. “మీ నాన్న కూడా నాకు మెట్లు కట్టిస్తానని ముహూర్తం చూస్తూనే పోయాడు. ఎక్కరా స్టూలు.”

ఎక్కాడు. పలకను మేకులతో బిగించేసరికి గాలి ఈల వేయడం మొదలుపెట్టింది. తిన్నగా గీత పడేందుకు సుద్ద పూసిన దారాన్ని పలక మీద బిగించబోతే, గాలి దాన్ని లాక్కుపోయి ఎదురింటి కుక్క మెడకు చుట్టింది. సుద్దముక్కతో గీస్తే చెమ్మ పలక మీద పడలేదు. జీవితంలో మొదటిసారి ఆయన గీత లేకుండా, కొలత లేకుండా, పద్మాసనుడు మనందరి నుదుటా రాసిన పద్ధతిలోనే ఎర్రరంగు కుంచె ముంచాడు.

కిందనుంచి కత్తెర వదిన స్టూలు కాళ్ళు పట్టుకుంది. కూతురు రంగుడబ్బా పట్టుకుంది. అత్తగారు సలహాలు పట్టుకుంది.

“క పెద్దదయిందిరా.”

“గుడికి గోపురం పెద్దదిగానే ఉండాలమ్మా!”

“గోపురం సరే. గర్భగుడికి చోటు మిగలాలిగా!”

ముసలమ్మ మాటే నిజమయింది. ‘కత్తెర వదిన కుట్టు దుకా’ దగ్గరికి వచ్చేసరికి పలక అయిపోయింది. మిగిలిన ‘ణం’ వానకు చూరు కింద నక్కిన పిల్లిలాగ, చివరి మూల కిందివైపున ముడుచుకుని కూర్చుంది. వరుస మొత్తం కుడివైపుకు వాలి, పడవలో ఒకే పక్క కూర్చున్న బంధువర్గంలాగ కనబడింది.

“నాన్నా, అది దుకాణం దిగిపోతున్నట్టుంది!” అని కూతురు పకపక నవ్వింది. కరెంటు పోయేదాకా జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో ఆ తడి అక్షరాలకు వేడిగాలి పట్టింది. అటుపిమ్మట నానమ్మ చేట పట్టుకుని విసరింది. వాయుదేవుడికి ఎదురుగా చేటతో విసరిన వీరురాలిని ఏ పురాణమూ ఎరుగదు.

కత్తెర వదిన మాత్రం స్టూలు వదిలి, సందు మొగదాకా వెనక్కు నడిచి, అక్కడి నుంచి బోర్డును చూసింది. మళ్ళీ ముందుకు వచ్చి చూసింది. చీర కొంగుతో ముఖం తుడుచుకుని, “వాన పడుతోంది, లోపలికి పదండి” అంది. అప్పటికింకా వాన పడలేదు.

సాయంత్రానికి తుఫాను రానే వచ్చింది. రేకులు మోగాయి, ఇసుకబస్తాలు మూలిగాయి. ఇల్లంతా కుట్టుగదిలోనే కూర్చుంది. దబ్బున ఏదో వచ్చి కిటికీకి తగిలినప్పుడల్లా ఆమె మిషను మీద చెయ్యి వేసేది. ఆయన నెత్తిన చెయ్యి పెట్టుకునేవాడు.

“క పోయింది,” అనేవాడు. ఇంకొక దెబ్బకు, “త్తె కూడా పోయింది.”

“నాన్నా, ఇంకెన్ని మిగిలాయి?”

“అక్షరం అంటే నాశనం లేనిదని అర్థమే తల్లీ,” అన్నాడాయన దీనంగా, “కాని ఆ నిర్వచనం చెప్పినవాళ్ళు తేమలో రాసి ఉండరు.”

తెల్లవారేసరికి గాలి తప్పుకుంది. మిషను పొడిగా ఉంది. ఆమె చక్రం ఒకసారి తిప్పి, అది టకటకలాడడం విని, తలుపు తీసింది. ఊళ్ళో ఆయన గీతలు కొట్టి, కొలతలు చూసి, తపస్సు చేసి రాసిన బోర్డులలో ఒక్కటీ తన చోట లేదు. మందుల కొట్టు బోర్డు చెట్టెక్కింది, చెప్పుల దుకాణానిది కాలువలో పడుకుంది. కత్తెర వదిన బోర్డు మాత్రం నిలిచి ఉంది. క ముక్కు చెక్కుకుపోయింది. ణం కాస్త కారి, పలక దాటి గోడ మీదికి దిగింది.

పెరట్లో మరో వింత. పెద్దవీధి కుట్టుదుకాణం బోర్డు, దీపాలతో సహా, ఆ యింటి నీళ్ళ డ్రమ్ము మీద వాలి ఉంది.

“వచ్చే ఏటికి వంటింటి కిటికీకి సరిపోతుంది,” అంది అత్తగారు, అంగుళాలు అంచనా వేస్తూ.

“వద్దత్తయ్యా. వాళ్ళది వాళ్ళకి ఇచ్చేద్దాం. మనకి ఉందిగా.”

ఆ ‘మనకి ఉందిగా’ అన్నమాటను ఆమె ఎంత నిదానంగా, ఎంత రుచిగా అన్నదంటే, అత్తగారు అంగుళాల లెక్క అక్కడితో ఆపేసింది.

ఇంతలో ఆయన పట్టుకారు పట్టుకుని మేకుల వైపు నడిచాడు. “వీధిలో జనం తిరగకముందే దీన్ని దించేస్తానోయ్. చూసినవాళ్ళు నా చేతిరాతంటే నమ్ముతారా? కొంచెం ఎండ రానీ, గీతలు కొట్టి తీరిగ్గా...”

ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడింది. చేతిలో కత్తెర ఉంది.

“దాని మీద చెయ్యి వేస్తే, మీ పంట్లాములన్నీ మోకాళ్ళ దాకా కత్తిరిస్తాను. పండగ బట్టలతో సహా.”

“అది వంకరగా ఉందే!”

“మీరూ అంతే. దించేశానా?”

ఆయన పట్టుకారు కింద పెట్టాడు. ముందు మేకు వైపు చూశాడు, తరువాత భార్య వైపు. ఏళ్ళ తరబడి మంచం వెనుక తాను దాచింది పలకను కాదనీ, ఆమె ముఖంలోని ఈ వెలుగునేననీ ఆయనకు అప్పటికి బోధపడింది. బోధపడినా కళాకారుడు కళాకారుడే. “ఆ ణం ఒక్కటి సరిచేయనా?” అన్నాడు.

“ముట్టుకోవద్దు.”

అప్పుడే సందు మొగలో ఎవరో ఒకాయన, చిరిగిన టార్పాలిను భుజాన వేసుకుని, తల పక్కకు వంచి బోర్డు చదువుతూ నిలబడ్డాడు. వంకరను బట్టి మెడ వంచక తప్పలేదు. “అమ్మా, కత్తెర వదిన అంటే మీరేనా? కప్పు మీదికిది కావాలి. ఇప్పుడే కుట్టిస్తారా?”

ఆ ప్రశ్న ఆ వీధిలో ఆమెను ఎవరూ అడిగి ఉండలేదు. దారి చూపిన మనిషి లేకుండా, కుక్క మధ్యవర్తిత్వం లేకుండా, బోర్డు చదివి వచ్చిన తొలి మనిషి అతడు. అతని వెనుక మరో ఇద్దరు, చిరిగిన టార్పాలిన్లతో. కత్తెర వదిన అందరినీ ఒకసారి ఎగాదిగా చూసి, నడుము కొలతలు మనసులోనే వేసుకుని, “చెప్పులు బయట విప్పండి, గది తుడిచాను” అంది. ఇనుప మిషను ఆ మొరటు గుడ్డను నమిలినట్టుగా కుట్టింది. భర్త నిచ్చెన భుజాన వేసుకుని ఊరి బోర్డులను వెతకబోయాడు. ప్రతి దుకాణం దగ్గరా ఆయన అన్నమాట ఒక్కటే: “మా ఇంటిది మాత్రం పోలేదండీ.” ఎవరు రాశారని మాత్రం ఎవరికీ చెప్పలేదట.

ఓ వరుణదేవా, ఓ వాయుదేవా, మీరు లోకపాలకులే, మీ రాకపోకలను కాదనేవారము కాము. అయినా వచ్చినప్పుడల్లా ఆ సందులో కొంచెం పక్కకు తప్పుకుని పోండి. ఆ తల్లి కత్తెరకు పదును తగ్గకుండును గాక. ఆమె మిషనుకు తుప్పు, ఆమె మాటకు ఎదురు అంటకుండును గాక. అత్తగారి కట్టుడు పళ్ళు ఏ కుక్కరులోనూ ఉడకకుండును గాక. ఆ కూతురు ఏ సందు మొగన నిలబడినా తన పేరు తాను దూరాన్నుంచే చదువుకొనును గాక. ఆయన గీతలు లేని చోట సైతం చెయ్యి వణకకుండును గాక. గీత లేకుండా మన నుదుట రాసిన ఆ పెద్దాయన కూడా, చివర చోటు చాలక మూలకు నెట్టిన అక్షరాన్ని ఎన్నటికీ దించకుండా, ఆ యింటిని చల్లగా, పొడిగా కాపాడును గాక.