కుడికాలి కోసం వెనక్కి వేసిన అడుగు

పోయిన శుక్రవారం సాయంత్రం సరిగ్గా ఆరు గంటల పది నిమిషాలకు నేను బెంగుళూరు ఎయిర్‌పోర్టులో, మన దేశపు గడప దగ్గర ఇరుక్కున్నాను. పూర్తిగా ఇరుక్కోలేదు లెండి. నేను గడపకు ఇవతల, నా సంచి అవతల. మా ఇంట్లో అందరూ నవ్వడం అయిపోయింది కాబట్టి ఇప్పుడు మీకు నెమ్మదిగా చెప్తాను.

మా చెల్లెలి కూతురు స్వప్న సింగపూర్‌లో ఉంటుంది. దాని సీమంతానికని నేనూ మా ఆయనా ఆదోని నుంచి పోయి పది రోజులుండి వస్తున్నాము. మరుసటి రోజు పొద్దున ఏడూ ఇరవైకి ఎమ్మిగనూరులో మా తమ్ముడు రాఘవ కొత్తింటి గృహప్రవేశం. ఇంటి ఆడపడుచును, పాలు పొంగించాల్సింది నేనే. పైగా పాలు పొంగించే మా అమ్మ ఇత్తడి తపేలా కూడా ఆదోనిలో నా దగ్గరే ఉంది. మా నాయన మగ్గాల కొట్టం వేసినప్పుడు, పాత ఇల్లు కట్టినప్పుడు, నేను ఆదోనిలో కాపురం పెట్టినప్పుడు, మూడుసార్లూ దాంట్లోనే పొంగినాయి. ఏ వారం, ఏ తిథి, పొయ్యి ఎవరు వెలిగించినారు, అన్నీ నాకు గుర్తే. ఇంట్లో ఎవరికి ఏ సంగతి కావాలన్నా నన్నే అడుగుతారు.

బెంగుళూరులో ఎనిమిదిన్నర రైలు పట్టుకుంటే తెల్లారకముందే ఆదోని. తపేలా తీసుకుని ఎమ్మిగనూరు. లెక్క బాగానే వేసుకున్నాను.

స్వప్న ముందే హెచ్చరించింది. "పెద్దమ్మా, దిగినాక పాస్‌పోర్టు క్యూలోనే గంట పోతుంది. ఇప్పుడు ఫాస్ట్ ట్రాక్ అని వచ్చింది. ముందే అప్లై చేస్తే మిషన్ గేటులో నుంచి నిమిషంలో బయటపడొచ్చు" అని ఇద్దరికీ ఫారాలు నింపింది. పోయేటప్పుడే ఎయిర్‌పోర్టులో నేను వేలిముద్రలు, ఫోటో ఇచ్చేసినాను. మా ఆయన ఇవ్వలేదు.

"ఆధార్‌కు ఇచ్చినాను, రేషన్‌కు ఇచ్చినాను. ఇంకెన్నిసార్లు ఇయ్యల్ల? నా వేళ్ళు అరిగిపోతాయి" అన్నాడు.

తిరిగొచ్చి దిగేసరికి మూడు విమానాల జనం ఒకేసారి వచ్చిపడినారు. క్యూ అంటే క్యూనా! మా పుట్టింటి వీధిలో మగ్గానికి పడుగు నూలు సాగదీసినట్టు ఈ గోడ నుంచి ఆ గోడకు, మళ్ళీ ఆ గోడ నుంచి ఈ గోడకు. మా ఆయన దాని కొసన నిలబడినాడు. పక్కనే మిషన్ గేట్ల దగ్గర నలుగురు కూడా లేరు.

"నేను పోయి బయట కుర్చీలో కూర్చుంటాను, మీరు నిదానంగా రండి" అన్నాను. దేవుడు అన్నీ వింటాడు. ఆ మాట కూడా విన్నట్టున్నాడు.

బోర్డింగ్ పాస్ చూపించినాను. పాస్‌పోర్టు అద్దం మీద పెట్టినాను. అద్దాల తలుపు తెరుచుకుంది. లోపల ఇంకో తలుపు, దాని ముందు కెమెరా. అక్కడ ముఖం చూపిస్తే అయిపోయె! సంచి ముందుకు పెట్టి అడుగు వేసినాను. చూసుకుంటే ఎడమకాలు.

పది రోజులు పరాయి దేశంలో ఉండి, సొంత దేశంలోకి ఎడమకాలా? అదీ గృహప్రవేశం ముందురోజు! "ఆడపిల్ల ఎడమకాలు పెట్టి వస్తే పొయ్యి కూడా అలుగుతుంది" అనేది మా అమ్మ. ఆ గొంతు చెవిలో వినిపించింది. గభాల్న వెనక్కి వచ్చి, ఒక్క క్షణం కండ్లు మూసుకుని, కుడికాలు ఎత్తినాను.

తలుపు మూసుకుంది.

ఎర్రలైటు. కుంయ్ కుంయ్‌మని చప్పుడు. అద్దాల లోపల నా సంచి ఒక్కటే, కెమెరా ముందర బుద్ధిగా నిలబడి ఉంది.

ఖాకీ బట్టల్లో ఒకమ్మాయి పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, హిందె యాకె బందిరి?" అంది. వెనక్కి ఎందుకొచ్చినారు అని. మాకు కన్నడం బాగానే వస్తుంది. కానీ ఏమని చెప్పేది?

"ఎడమకాలు పడింది తల్లీ" అన్నాను.

ఆమె నా కాలు చూసింది. దెబ్బ తగిలిందేమోనని కుర్చీ తెప్పించింది. కాదమ్మా, శకునం అని వివరించేసరికి ఇంకో ఆఫీసరు వచ్చినాడు. మనిషి లేని సంచి కదా, దానికి వేరే రూలంట. ఏముంది లోపల అంటే పసుపు, కుంకుమ, సీమంతం గాజులు అన్నాను. గాజులు ఒక్కొక్కటే లెక్కపెట్టినట్టు చూసినారు. అంతా అయినాక ఆ అమ్మాయి సంచి చేతికిచ్చి, మర్యాదగా నన్ను తీసుకుపోయి పెద్ద క్యూ కొసన నిలబెట్టింది.

అప్పటికి మా ఆయన అవతల పక్క ఉన్నాడు. నేను చెప్పిన కుర్చీలోనే కూర్చున్నాడు. అద్దంలో నుంచి నాకు చేతి గడియారం చూపించినాడు.

ఇంతలో రాఘవ ఫోను. "అక్కా, యాడుండావు?"

"ఇండియాలోనే ఉండాను. ఇంకా రాలేదు."

"అదేం మాటక్కా? నువ్వొచ్చేది కష్టమంటే సెప్పు. సుజాత కొత్త స్టీలు గిన్నె కడిగిపెట్టింది."

సుజాత మా మరదలు. స్టీలు గిన్నె అనేసరికి అంతమందిలో నిలబడి రాఘవేంద్రస్వామికి మొక్కుకున్నాను.

రైలు పోయింది. కారు మాట్లాడుకుని రాత్రంతా ప్రయాణం చేసి, ఆదోనిలో తపేలా సంచిలో వేసుకుని, ఏడూ పదికి ఎమ్మిగనూరులో దిగినాము. స్నానం చేసి చీర మార్చుకునే టైము కూడా లేదు. పక్కింట్లో కాళ్ళు కడుక్కుని పరుగు.

రాఘవ, సుజాత దేవుడి పటం పట్టుకుని గడప ముందర ఉన్నారు. అయ్యవారు "ఊఁ, పదండి" అన్నాడు. కంగారులో సుజాత ఎడమకాలు పెట్టేసింది.

"అయ్యో, కుడికాలు! వెనక్కి రామ్మా, వెనక్కి!" అని అందరూ అరిచినారు. ఎప్పుడైనా మొదట అరిచేది నేనే. ఈసారి మాత్రం ఎదురు అరిచినాను. "వెనక్కి రావద్దు సుజాతా! ఏ కాలైనా సరే, ముందుకు పో!"

అయ్యవారు ఆశ్చర్యపోయినాడు. "ఇదేం శాస్త్రమమ్మా?"

"ఎయిర్‌పోర్టు శాస్త్రం స్వామీ" అన్నాడు మా ఆయన.

తర్వాత నా వంతు. ఇంటిల్లిపాదీ నా కాళ్ళే చూస్తా నిలబడినారు. నిదానంగా, నిండుగా, తప్పులేకుండా కుడికాలు పెట్టి లోపలికి పోయినాను. పొయ్యి ముందర కూర్చున్నాను. సుజాత పాలు తెచ్చింది. చెయ్యి చాపి తపేలా కోసం వెతుక్కున్నాను.

గడప అవతల నుంచి మా ఆయన గొంతు వినిపించింది.

"ఏమ్మే, నీ సంచి మళ్ళీ బయటే నిలబడుకోని ఉంది. దీన్ని ఏ కాలు పెట్టి రమ్మందాం?"