కొసరుగా తెచ్చుకున్న ఫిజిక్స్

పాసైన సబ్జెక్టులో మళ్లీ ఫెయిలయ్యే అవకాశాన్ని డబ్బు కట్టి మరీ కొనుక్కున్న మనిషి వరంగల్లో ఇంకెవరైనా ఉంటే ముందుకు రావాలి. నాకు తెలిసి నేనొక్కదాన్నే. అదీ సగం ధరకు.

ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం అయిపోయిన వేసవి అది. నేను తప్పింది మ్యాథ్స్ ఒక్కటే. ఫిజిక్స్ బి గ్రేడుతో ఎలాగో గట్టెక్కింది. హసన్‌పర్తిలోని మా కాలేజీలో ఒక్క సబ్జెక్టు మిగిలితే రెండో సంవత్సరంలోకి పోనిస్తారు. రెండు మిగిలితే ఏడాదంతా ఇంట్లో కూర్చోవాలి. అంటే వేసవి కోర్సులో మ్యాథ్స్ మళ్లీ తప్పినా నా సంవత్సరానికి ఢోకా లేదు. ఆ ఒక్కదానికి ఫీజు కట్టి నోరు మూసుకుని రావలసింది.

కానీ నేను పెరిగింది మట్టెవాడలో, మా స్టీలు సామాన్ల కొట్లో. గిన్నె కొన్నవాళ్లు గ్లాసు కొసరడిగితే మా నాన్న ఎవరి నుంచి తప్పించుకుంటాడో, ఎవరికి దొరికిపోతాడో చూస్తూ పెద్దదాన్నయ్యాను. కౌంటరు కనబడితే నా నోరు ఊరుకోదు.

"నాలుగు వేలా సార్? జర తగ్గించుండ్రి."

"ఇది అంగడి కాదమ్మా," అన్నాడు ఫీజు గుమస్తా తలెత్తకుండా. "రెండు సబ్జెక్టులు కడితే రెండోదానికి సగం. గంతే."

సగం అన్న మాట చెవిన పడ్డాక నేనింక మనిషిని కాదు.

"రెండోది ఫెయిలైందే కావాల్నా సార్?"

"పాసైంది గూడ రాస్కోవచ్చు. గ్రేడు పెంచుకుంటానికి."

రెండు వేలకు బి కాస్తా ఏ అవుతుందన్నమాట. అక్కడికక్కడే సంతకం పెట్టేశాను. గిన్నె కొనేముందు బోర్లించి, అడుగు తట్టి, చప్పుడు విని చూసేదాన్ని, ఆ ఫారాన్ని మాత్రం వెనక్కి తిప్పలేదు.

ఆ సాయంత్రం నాన్న గల్లాపెట్టె ముందు నుంచే పక్క కొట్టాయనకు వినబడేలా అరిచాడు. "ఇన్నవా అన్నా? నా బిడ్డ కాలేజోళ్ల దగ్గర గూడ కొసరు గుంజుకొచ్చింది!"

రెండో వారంలో అసలు సంగతి తెలిసింది. నా బెంచీలో కూర్చునేది కాశిబుగ్గ అమ్మాయి. వాళ్లింట్లో మగ్గాలున్నాయి. తను నిజంగానే ఫిజిక్స్ తప్పి వచ్చింది.

"నువ్వు పాసైనవ్ గదనే. మళ్ల గీ ఎండల ఏం పని?"

"గ్రేడు పెంచుకుందామని."

"మరి పాత గ్రేడు పోతది గద?"

"యాడికి పోతది?"

"రద్దయితది. ఫారం ఎనుక రాసుంది. సూడలేదా?"

ఆఫీసుకు పరుగెత్తాను. "సార్, ఫిజిక్స్ తీసెయ్యుండ్రి. పైసలు గూడ వాపస్ వద్దు."

గుమస్తా ఈసారి తలెత్తాడు. "అంత బేరమాడినవ్, మీదేం దుకాణమమ్మా?"

"స్టీలు సామాన్."

"అమ్మిన గిన్నె వాపస్ తీస్కుంటరా?"

అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదని మా కొట్లో ఎర్ర అక్షరాలతో బోర్డు రాసింది నేనే.

ఒక్క సబ్జెక్టు మిగిలిన పిల్లను, నా చేత్తో నేనే రెండు మిగిలిన పిల్లను చేసుకున్నాను. రెండూ తప్పితే ఏడాది పోయినట్టే. పొద్దున మ్యాథ్స్, మధ్యాహ్నం ఫిజిక్స్, ఆరు నెలల పాఠం ఆరు వారాల్లో. ఫిజిక్స్ చదువుతుంటే మ్యాథ్స్ గుర్తొచ్చేది, మ్యాథ్స్ తీస్తే ఫిజిక్స్. బస్సులో సీటు దొరికినా సగం మీదే కూర్చునేదాన్ని, ఎవరో లేపుతారన్నట్టు.

ఆఖరికి ఫిజిక్స్ మేడంతో కూడా బేరం పెట్టాను. "ఐదు యూనిట్లల్ల మూడు సదివితే సాలదా మేడం?"

"చాలు. నువ్వు చదవని రెండింటిలోంచే పేపర్ ఇస్తాను," అంది ఆవిడ చాక్‌పీసు దులుపుకుంటూ.

కొట్లో మాత్రం నాన్న వచ్చినవాళ్లందరికీ నా కొసరు కథ చెప్తూనే ఉన్నాడు. ఒకరోజు నేను డజను గ్లాసులకు పదిటికే డబ్బు తీసుకున్నాను. నాన్న దిగులుగా ఉన్న నా మొహం చూశాడు.

"ఏందే బిడ్డా, రంది పెట్టుకున్నట్టున్నవ్?"

"ఏం లేదు బాపూ. ఎండ."

నష్టాన్ని ఆ కొట్లో దాచిపెట్టడం నాకదే మొదటిసారి.

ప్రాక్టికల్ పరీక్షలో మైక్రోస్కోపు కింద వెలుగు వలయాలు లెక్కపెట్టాలి. కళ్లు చెదిరి రెండుసార్లు లెక్క తప్పాను. మూడోసారి భయంతో నాకు తెలియకుండానే మా కొట్టు లెక్క పైకే అందుకున్నాను. మేము ఒకటి అనం, "లాభం, రెండు, మూడు..." అంటాం. బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షాధికారి వెనక నిలబడి ఉన్నాడు.

"లాభమంటే ఏ రింగమ్మా?"

"ఒకటో రింగే సార్."

ఆయన నవ్వాడు. ఆ నవ్వుకు మార్కులు పడ్డాయో కోత పడిందో ఫలితాలు వచ్చేదాకా తేల్చుకోలేకపోయాను.

నేను కొట్లో ఉండగానే ఫలితాలు ఫోన్లోకి వచ్చాయి. రెండుసార్లు హాల్‌టికెట్ నంబరు తప్పు కొట్టాను. రెండూ పాస్. ఊపిరి తీసుకున్నాక ఫిజిక్స్ గ్రేడు చూశాను: సి. వెంటనే కాశిబుగ్గ నుంచి ఫోను.

"ఫిజిక్స్ నాకు బి అచ్చిందే! నువ్వు ఇడిసిపెట్టిందే నాకు దొరికినట్టున్నది."

నాన్నకు మొత్తం చెప్పేశాను, ఫారం వెనక వైపుతో సహా. తుడుస్తున్న గ్లాసు పక్కన పెట్టాడు.

"అంటే పైసలు కట్టి గ్రేడు తగ్గించుకున్నవ్?"

"సగం ఫీజుకే గద బాపూ."

ఆయన నవ్వలేదు. బిల్లు పుస్తకంలోంచి ఒక చీటీ చింపి నా ముందు పెట్టాడు. "లెక్క సక్కగ రాయి."

రాశాను. మ్యాథ్స్‌కు నాలుగు వేలు, సరైన ఖర్చే. పాసు మార్కు మీద ఒక్క మార్కు మిగిలింది. ఫిజిక్స్‌కు రెండు వేలు, దండగ. బి పోయి సి. రెండు గ్లాసుల డబ్బు. ఆరు వారాల రంది, దానికి ధర కట్టలేదు. చేతికొచ్చింది: ఒక సంవత్సరం. అది ముందు నుంచీ నాదే.