ఎదురెక్కిన నీళ్ళు

మా ఊరు కోరుట్లకు, మెట్‌పల్లికి నడుమ ఉంటది. ఊరు దాటితే వరద కాలువ, కాలువ దాటితే పసుపు చేన్లు. వంతెన మీదికెళ్ళి పోతే సుట్టు తిరుగుడైతదని, కాలువ ఎండి ఉన్నన్ని రోజులు కూలోళ్ళమంత లోపలికి దిగి అవతలి గట్టు ఎక్కేటోళ్ళం. నీళ్ళు ఇడిస్తే పడమటి దిక్కు పెద్ద డ్యాం నుంచే వస్తయి. దిగే ముందు అటు చూసుడు మాకు అలవాటు.

ఆ ఏడు వానలు మొఖం చాటేసినయి. మా చెల్లెకు బిడ్డ పుట్టిందంటే నేనూ మా అత్తా సిరిసిల్ల పోయి కొన్నొద్దులుండి వచ్చినం. తెల్లారే కలుపుకు బయలెల్లినం. పడమటికి చూసినం, ఏం లేదు. దిగినం.

నడిమిట్లకు పోయినంక కాళ్ళ కింద ఎండిన మన్ను తడిసి మెత్తగైంది.

"అత్తా, గా సప్పుడేంది?"

"గాలి బిడ్డా, నడువు."

పక్కకు మళ్ళి చూసిన. తూర్పున పల్లంల ఉన్న జగిత్యాల దిక్కు నుంచి ముళ్ళకంపను దొబ్బుకుంట, నురుగు కక్కుకుంట నీళ్ళు ఎక్కొస్తున్నయి. మిట్టకు ఎక్కే నీళ్ళను నేను నా జన్మల చూడలే. నాకు పిచ్చి లేసిందా అనుకున్న.

అత్తకు మోకాళ్ళ నొప్పులు. రెక్క పట్టి గుంజుకపోయిన. గట్టు మట్టి జారుతున్నది. నీళ్ళు తొడల దాక వచ్చినయి.

"నన్ను ఇడిచిపెట్టు. నీకు పిల్లలున్నరు, నువ్వు పో" అని ఏడుస్తున్నది. నేను ఆమె రెక్క ఇంకింత గట్టిగ పట్టుకున్న.

పైన బండి మీద ఊరూరు తిరిగి చీరలమ్మే సాయబు మమ్ముల చూసిండు. మూట ఇప్పి చీరలు ముడేసి కిందికి ఇసిరిండు.

"నడుముకు కట్టమ్మా, జల్దీ!"

ఆయన గుంజుతుంటే కింది నుంచి నేను అత్తను నెట్టిన. తర్వాత నన్ను గుంజిండు. ముగ్గురం మట్టిల కూలబడ్డం.

"నీళ్ళు గిట్ల ఎట్ల ఎక్కినయే అన్నా?" అన్న.

"మోటర్లు పెట్టి డ్యాంకు ఎదురెక్కిస్తున్నరమ్మా. ఊర్లె చాటింపేసిన్రు గద, ఇనలేదా?"

మేము ఊర్లె ఉంటే గద ఇనేది!

మాపటికి వంతెన మీద జాతర లెక్క జనం. పసుపు కుంకుమ చల్లిన్రు, కొబ్బరికాయలు కొట్టిన్రు, సెల్‌ఫోన్లల్ల ఫొటోలు దిగిన్రు. ఎండుతున్న చేన్లు బతికినయి. మాకు కూలి దొరికింది. ఆ నీళ్ళను తిట్టబుద్ధి కాదు.

గనీ నల్లా ఇప్పిన సప్పుడైతే చాలు, మా అత్త ఉలిక్కిపడి లేస్తది. "ఏం గాదు, కూసో" అంట నేను. అనుకుంటనే రెండు దిక్కులూ చూస్త.