ఎర్ర సముద్రంలో ఎత్తిన తువ్వాలు

ముందే చెప్పేస్తున్నానండి, నాకు రాయడం రాదు. ఐదో క్లాసు అయ్యీ అవ్వగానే మా నాన్నతో చేపల బోటెక్కేశాను. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి, తిట్టుకోకండి. నోటితో చెబుదామంటే మా కాకినాడ హార్బర్లో ఎవడూ చివరిదాకా వినడు. సగంలోనే ఎగతాళి. ఆ కోపంతోనే రాస్తున్నాను.

మా చేపల వేటలో ఒక పద్ధతుందండి. నడి సముద్రంలో మంచినీళ్ళయిపోయినా, ఇంజనాగిపోయినా తువ్వాలెత్తి ఊపుతాం. చూసిన బోటువాడు తన తువ్వాలు కూడా ఎత్తాలి. చూశాను, దగ్గరికి రా అని దానర్థం. చూసి కూడా ఎత్తనోడిని ఒడ్డుకొచ్చాక ఎవరూ పలకరించరు.

తర్వాత నేను సరుకు ఓడలో పనికి చేరాను. తుప్పు గీకడం, రంగులెయ్యడం, తాళ్ళు లాగడం. మా మీద పెద్దని బోసన్ అంటారు. ఆయనది రావులపాలెం వైపు, అరిటితోటల ఊరు. మనవాడే కదా అని సంబరపడ్డాను. నోరు విప్పితే తిట్టే.

ఆ ట్రిప్పులో ఎరువులేసుకుని ఎర్ర సముద్రంలోంచి వెళ్ళాలి. అక్కడ యుద్ధం. గొడవ ఎవరెవరికో, కొట్టేది మాత్రం సరుకు ఓడల్ని. పైనుంచి డ్రోన్లు, కింద చిన్న పడవలు. ఓడ చుట్టూ ముళ్ళకంచె కట్టాం. తుపాకులతో ముగ్గురు గార్డులెక్కారు. కెప్టెన్ గారు అందర్నీ నిలబెట్టి, "చిన్న పడవ కనిపిస్తే వాకీటాకీలో చెప్పండి. ఇంకేం చెయ్యొద్దు" అన్నారు. మొత్తం ఇరవై ఒక్కమందిమి. ఆ మాట నేనూ విన్నాను.

రెండోరోజు పొద్దున్న వెనకవైపు కాపలా నాది. ఒక పడవ కనబడింది. నలుగురున్నారు. ఒకడు గుడ్డ ఊపుతున్నాడు. ఇంకొకడు ఖాళీ డబ్బా బోర్లించి చూపిస్తున్నాడు. నేను ఆలోచించనే లేదండి. మెడమీద తువ్వాలు తీసి ఊపేశాను. వాకీటాకీ నడుముకే ఉండిపోయింది.

పడవ నేరుగా మా మీదకొచ్చేసింది.

బోసన్ పరిగెత్తుకొచ్చాడు. "ఏం చేస్తున్నావురా?"

"నీళ్ళడుగుతున్నారండి. వల ఉంది చూడండి."

"వలకింద ఏముందో చూశావా? నీ బాబు పెళ్ళికి పిలుస్తున్నావా వాళ్ళని?"

"ఒక్క క్యాను పడేద్దామండి, వెళ్ళిపోతారు."

నేను ఎత్తిన నీళ్ళ క్యాను లాగేసుకుని నన్ను పక్కకి తోసేశాడు. అలారం మోగింది. గార్డులు తప్ప అందరం ఇంజన్ దగ్గరున్న ఇనప గదిలోకి దిగాలి. మెట్లు దిగే ముందు వెనక్కి చూశాను. గార్డు పడవ ముందు నీళ్ళలోకి కాల్చాడు. గుడ్డ ఊపినవాడు తలమీద చేతులు పెట్టుకుని కూర్చుండిపోయాడు. పడవ తిరిగెళ్ళిపోయింది. డబ్బా మాత్రం నీళ్ళమీద తేలుతూ కనబడింది.

సాయంత్రం కెప్టెన్ గారు పిలిచి, "ఎందుకు చెప్పలేదు?" అనడిగారు. మా పద్ధతి చెప్పాను. ఆయన ఏదో రాసి సంతకం పెట్టించుకున్నారు. బోసన్ పక్కనుంచి, "చేపలోడిని ఓడెక్కించడం మనదే తప్పు సార్" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "అరిటి గెలల మధ్య పెరిగారు మీరు. సముద్రం మీద దాహమంటే తెలుసా మీకు?"

"తెలీదురా. నాకిద్దరు ఆడపిల్లలున్నారు. అది తెలుసు."

ఆ మాటా నిజమే. అందుకే ఇంకా కోపం.

తర్వాతి పోర్టులో నన్ను దింపేశారు. ఇప్పుడు మళ్ళీ బోటుకే వెళ్తున్నాను. హార్బర్లో నేను కనబడితే చాలు, "ఒరే, తువ్వాలు దాచండ్రా, దొంగల్ని పిలిచేస్తాడు" అంటారు. మా ఆవిడ కూడా, "నీ దానగుణానికి ఇరవైమంది పెళ్ళాలు ముండమోసేవారు" అనేసింది. వాళ్ళు వేటగాళ్ళో, చంపడానికొచ్చినోళ్ళో నాకిప్పటికీ తెలీదు. చెప్పకుండా ఊపడం నా తప్పే, ఒప్పుకుంటాను. కానీ రమ్మని తువ్వాలెత్తింది నేను, వాళ్ళకెదురెళ్ళింది తుపాకీ. క్యాను లాక్కున్న ఆ చేతిని నేను క్షమించలేదండి. నా రాతలో తప్పుల్ని మాత్రం మీరు పెద్దమనసుతో క్షమించండి.