ఎవరూ చదవని పేరా

మైకు టీచరుకి ఆ పేరు పిల్లలు పెట్టిందే. ఆవిడ పాఠం చెబుతుంటే వీధి చివర సైకిల్ షాపువాడికి కూడా కథ తెలిసిపోయేది. తొమ్మిది, పది తరగతులకు ఇరవై రెండేళ్లుగా ఆవిడ పద్ధతి ఒక్కటే: మొదటి బెంచీ నుంచి వరసగా, తలకో పేరా, నిలబడి, గట్టిగా. తడబడకపోతే చదువు వచ్చినట్టే. ఆ లెక్కన తొమ్మిదిలో అందరికన్నా గొప్పది నాలుగో బెంచీ పిల్ల. తోటివాళ్లు దాన్ని రేడియో అనేవాళ్లు.

ఒకరోజు అన్నదమ్ములు పడవ మీద నది దాటే కథ నడుస్తోంది. మూడో బెంచీలో, సరిగ్గా వంతు వచ్చిన అమ్మాయికి ముక్కులోంచి రక్తం కారింది. టీచరు ఆమెను కుళాయి దగ్గరికి పంపి, గుమ్మంలో నిలబడి కనిపెట్టుకుని ఉంటూ, "తర్వాతి వాళ్లు కానివ్వండి" అంది. తర్వాతి పిల్ల చదివింది. ఆ తర్వాత ఇంకొకరు. రేడియో ఎప్పటిలాగే గడగడా అప్పజెప్పేసింది. గంట కొట్టేలోపు పాఠం అయిపోయింది.

"అన్న ఎలా చచ్చిపోయాడో చెప్పవే" అంది టీచరు, ఊరికే అడిగినట్టు.

"చచ్చిపోయాడా టీచర్?" అంది రేడియో.

నలభై మందీ గుడ్లప్పగించి చూశారు. కుళాయి దగ్గరికి వెళ్లిన అమ్మాయి పేరా ఎవరూ చదవలేదు. అన్న పోయేది ఆ పేరాలోనే. అందరూ తలలు లెక్కపెట్టుకుని ఎవరి పేరా వాళ్లు ముందే వల్లె వేసుకున్నారు, దాన్నే చదివారు. మనిషి పోతే ఒక్కరికీ చీమ కుట్టినట్టయినా లేదు.

"మిగతావాళ్లు చదివేటప్పుడు ఏం చేస్తావే?"

"నా పేరా చూసుకుంటా టీచర్. అదయ్యాక ఏం చెయ్యను."

ఆవిడ భర్త బస్సు డిపోలో మెకానిక్. సాయంత్రం ఇదంతా విని, "ఇంజను చప్పుడు బాగుందని బండి కదుల్తోందనుకుంటే ఎలాగే?" అని నవ్వాడు. ఆవిడకు ఒళ్లు మండింది. నిజం కాబట్టి ఇంకా మండింది.

మర్నాటి నుంచి వరస ఎత్తేసింది. అట్టపెట్టెలో పేర్ల చీటీలు. ఎవరి చీటీ వస్తే వాళ్లే చదవాలి. పేరా అయ్యాక పక్కవాళ్లకి సొంత మాటల్లో చెప్పాలి. అర్థం కానిచోట పెన్సిలు గీత పెట్టాలి. ఆవిడ కూడా చదువుతూ మధ్యలో ఆగి, "ఇక్కడ నాకే తికమకగా ఉంది, వెనక్కి వెళ్దాం" అనేది. మొదటి వారం అది ఉత్త నటన. రెండో వారానికి ఆవిడకు నిజంగానే తికమకలు కనిపించాయి. నలభై నిమిషాల్లో పేజీ దాటడం గగనమైంది.

వచ్చే ఏడు పదో తరగతి ఎవరికివ్వాలో తేల్చడానికి హెడ్మాస్టరు ఏటా గదిగదికీ తిరిగి పిల్లల చదువు వినేవాడు. పదిలో చదివించడమంటే ఆవిడకు ప్రాణం.

"ఆ ఒక్కరోజుకీ పాత పద్ధతిలో కానిచ్చెయ్యండి అక్కా" అంది లెక్కల టీచరు.

మైకు టీచరు రాత్రంతా ఊగిసలాడింది. తీరా హెడ్మాస్టరు వచ్చి కూర్చున్నాక పెట్టెలో చెయ్యి పెట్టింది. రేడియో చీటీ వచ్చింది. రేడియో నెమ్మదిగా రెండు వాక్యాలు చదివి, ఆగి, మళ్లీ మొదటి వాక్యానికి వెళ్లింది.

"ఇది నాకు అర్థం కాలేదు టీచర్."

"ఈ పిల్ల పోయినేడు గలగలా చదివేది కదమ్మా?" అన్నాడు హెడ్మాస్టరు.

"చదివేది సార్."

ఆయన కాగితం మీద ఏదో రాసుకుని వెళ్లిపోయాడు. వారం తిరక్కుండా వచ్చే ఏటి పదో తరగతి చేతులు మారింది. ఆవిడకు కష్టంగానే ఉంది. స్టాఫ్‌రూములో చీటీల పెట్టె బల్ల మీద పెట్టి కూర్చుంది.

"ఆ పిల్ల మీ కొంప ముంచింది కదక్కా" అంది లెక్కల టీచరు.

"ఇరవై రెండేళ్లలో నాకు అర్థం కాలేదని ఒక్కరూ అనలేదు," అంది మైకు టీచరు, మొదటిసారి గొంతు తగ్గించి. "అది నా గొప్పే అనుకున్నాను."