బ్రేకు తొక్కేది నేను, నంబరు సార్‌ది

మా చెల్లెలు మిర్యాలగూడ దవాఖానలో ఆడపిల్లను కన్నది. తల్లీబిడ్డలను సూర్యాపేటకు తీసుకొచ్చే పని నాకు పడింది. మా ఇంట్లో కారు నడిపేది నేనొక్కదాన్నే. మా ఆయనకు స్కూటర్ తప్ప రాదు.

కారు పాతది. కొద్దిరోజులుగా బ్రేకు తొక్కితే పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతోంది. గబగబా రెండుమూడు సార్లు తొక్కితేనే గట్టిపడుతోంది. వెనక ఎడమ చక్రం దగ్గర గరగరమంటోంది. బ్రేక్ ఆయిల్ కూడా తగ్గుతోంది. బయలుదేరే ముందురోజు సూర్యాపేటలో మెకానిక్‌కు ఇదంతా పూసగుచ్చినట్టు చెప్పాను. అతను తలూపి, మా ఆయనకు ఫోన్ కలిపాడు.

"అన్నా, మేడం ఊకె పరేషాన్ అయితున్నది. పాత బండి గిట్లనే ఉంటది. ఆయిల్ పోసిన, ఇగ ఏం కాదు."

అవతల ఆ స్కూటర్ మనిషి నాకు ఫోన్ చేసి, బండి బాగైందట అని శుభవార్త చెప్పాడు. నేను ఆ బండి పక్కనే నిలబడి ఉన్నాను!

పొద్దున ఏడింటికి బయలుదేరాను. మునగాల దాటకముందే గరగర మళ్ళీ మొదలైంది. కోదాడలో చెల్లెలి అత్తగారిని ఎక్కించుకోవాలి. ఆమె పసిబిడ్డ బట్టల మూటతో, ఇడ్లీల డబ్బాతో వాకిట్లోనే ఎదురుచూస్తోంది. అక్కడి షెడ్డులో ఆగి చూస్తే ఎడమ చక్రం లోపలి వైపు తడితడిగా ఉంది. అక్కడి మెకానిక్‌ను చక్రం విప్పమన్నాను.

"దుమ్మేనండీ. హ్యాండ్ బ్రేకు బిగిస్తాను, చాలు. సార్ నంబర్ ఇవ్వండి మేడం, ఆయనకి చెప్తాను."

ఒళ్ళు మండింది. అయినా దవాఖానలో చెల్లెలు ఎదురుచూస్తోందని నంబర్ ఇచ్చి, బిగించిన హ్యాండ్ బ్రేకుతో కదిలాను.

ఈ దారిన వచ్చేవాళ్ళకొక మాట. వరి కోతలప్పుడు హుజూర్‌నగర్ దాటాక సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి, అంచున రాళ్ళు పేర్చి ఉంటాయి. నేరేడుచర్ల ఇవతల ఎదురుగా లారీ వచ్చింది. నా వైపు వడ్లు, వాటిని కాళ్ళతో తిరగేస్తున్న ఒక ఆడమనిషి. బ్రేకు తొక్కితే పెడల్ నేలకంటింది. హ్యాండ్ బ్రేకు లాగాను. బండి రాళ్ళను తన్నుకుంటూ వడ్లలోకి దూసుకెళ్ళి, ఆమెకు జానెడు దూరంలో ఆగింది.

"బ్రేకుల్లేని బండిని రోడ్డు మీదికెందుకు తెచ్చినవక్కా? సంపుతుంటివి గదా!"

బండిని మెల్లగా వెనక్కి తీసి రోడ్డెక్కించాను. వెనక సీట్లో అత్తమ్మ మూటను గట్టిగా పట్టుకుని, "తిరుగు దారిల ఈ బండ్లనే పసిపిల్ల ఉంటది బిడ్డా" అన్నది. అప్పుడు భయం పోయి కోపమొచ్చింది, అంతా ఇంతా కాదు.

మిర్యాలగూడ దాకా హ్యాండ్ బ్రేకు మీదే తాబేలు నడక. అత్తమ్మను దవాఖానలో దింపి, పక్క వీధిలోని షెడ్డుకు పోయాను. అక్కడి మెకానిక్ కూడా అదే పాట అందుకున్నాడు. "సార్ నంబర్ ఇయ్యుండ్రి మేడం."

"సార్‌కు కారు రాదు. చక్రం విప్పు. నా కళ్ళముందు విప్పేదాకా నువ్వు ఫోన్ ముట్టద్దు, నేను కదల" అని అరిచాను. పక్క టీకొట్టు వాళ్ళు తిరిగి చూశారు. చూడనీ!

విప్పాడు. చక్రం లోపలి డ్రమ్ము నిండా కారిన బ్రేక్ ఆయిల్, పూర్తిగా అరిగిపోయి ఇనుముకు ఇనుము రాసుకుంటున్న బ్రేక్ షూ. రెండు రోజులుగా నేను మొత్తుకుంటున్నది ఇదే. ఆయిల్ కారే భాగం, షూలు కొత్తవి వేయించి, పైపుల్లో గాలి తీయించి, ఖాళీ వీధిలో నేనే నడిపి చూసుకున్నాకే దవాఖానకు పోయాను.

తిరుగు దారీ నేరేడుచర్ల మీదుగానే. చెల్లెలి ఒడిలో బిడ్డ నిద్రపోతోంది. ఫోన్ మోగింది, మా ఆయన. బహుశా మెకానిక్ ఏమన్నాడో కనుక్కుందామని కావచ్చు. ఎత్తలేదు.

పొద్దుటి చోటే ఆ ఆడమనిషి వడ్లు కుప్ప చేస్తోంది. రాళ్ళకు చాలా ఇవతలే బ్రేకు తొక్కాను. చప్పుడు లేకుండా బండి ఆగింది. బిడ్డ కదలలేదు. ఆమె చీపురు పట్టుకుని కిటికీ దగ్గరికొచ్చింది.

"ఇప్పుడు ఆగుతున్నదా అక్కా?"

"ఆగుతున్నది."

మూడు షెడ్ల ప్రయాణంలో నా బండి సంగతి నన్ను అడిగిన మనిషి ఆమె ఒక్కతే.